సరిగ్గా రెండు గంటలు

డాఫ్నీకి తెల్ల కోటు తొడిగి ఫొటో తీస్తుంటే కమలాదేవికి చూడబుద్ధి కాలేదు.

ఆ ఫిజిక్స్ డిపార్టుమెంటులో తెల్ల కోటుతో పనే లేదు. అక్కడ ఆమ్లాలూ లేవు, గాజు సీసాలూ లేవు. ఉన్నవల్లా కంప్యూటర్లు, కాగితం చుట్టలు, ఎవరూ తుడవని టీ మరకలు. ఆ కోటు పక్క బిల్డింగు కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర అరువు తెచ్చింది. చంక దగ్గర ఎవరిదో పచ్చగా పేరుకున్న చెమట మరక ఉంది. "కొంచెం స్క్రీన్ వైపు చూసి నవ్వు డాఫ్నీ, ఇప్పుడే ఏదో కనిపెట్టినట్టు," అని ప్రొఫెసర్ క్లైవ్ పక్కన నిలబడి చెబుతున్నాడు. యాభై రెండేళ్ళ డాఫ్నీ బుద్ధిగా నవ్వింది. కంప్యూటర్ ఆన్ చెయ్యనే లేదు.

అది 1996, ఆగస్టు నెల. డర్బన్‌లో ఆ యూనివర్సిటీకి కొత్త ప్రభుత్వం ముందు కొత్త మొహం కావలసి వచ్చింది. అందరికీ ఓటొచ్చి రెండేళ్ళు దాటినా డిపార్టుమెంటు గోడ మీద వరసగా ఉన్న ఫొటోల్లో అన్నీ తెల్ల మొహాలే. అందుకని రంగుల పుస్తకం ఒకటి వేస్తున్నారు. అట్ట మీద డాఫ్నీ. లోపలి పేజీలో, చీర కట్టుకుని రమ్మని మరీ మరీ చెప్పి, కమలాదేవి. చీర కట్టుకుని వెళ్ళినందుకు తన మీద తనకే ముందునుంచీ చిరాకుగా ఉంది.

కమలాదేవి హైదరాబాదులో ఒక సర్కారీ పరిశోధనాలయంలో పద్దెనిమిదేళ్ళు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి, నలభై అయిదో ఏట భర్త గిరిధరరావు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, ఈ డిపార్టుమెంటులో మూడేళ్ళ కాంట్రాక్టు మీద చేరింది. డాఫ్నీ సంగతి వేరు. ఆమె ముత్తవ్వ విశాఖ వైపు నుంచి చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చిన కూలీ. నాలుగు తరాలు డర్బన్‌కి దగ్గర్లోని టోంగాట్ అనే ఊళ్ళోనే, చర్చి కూడా అక్కడి బాప్టిస్టు చర్చే. పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే మినీబస్సు టాక్సీలో ఇరుక్కుని డర్బన్ వచ్చి ఈ డిపార్టుమెంటులో కాగితం చుట్టల మీది గీతలు కొలుస్తోంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె క్యాజువల్. నెలాఖరున చీటీ వస్తే వచ్చే నెల ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

డాఫ్నీ కొలిచిన అంకెలతో క్లైవ్ ముప్ఫై నాలుగు పరిశోధన పత్రాలు అచ్చేశాడు. కమలాదేవి ఒక మధ్యాహ్నం పనిగట్టుకుని అన్నీ తిరగేసింది. ఒక్కదాంట్లోనూ డాఫ్నీ పేరు లేదు. చివర కృతజ్ఞతల్లో "సాంకేతిక సహాయానికి" అని మాత్రం ఉంది, ఆ సహాయం గాల్లోంచి ఊడిపడినట్టు. థూ, వీళ్ళ బతుకు, అనుకుంది. ఇంటికెళ్ళి భర్తతో అంది. ఆ వారమంతా కనిపించిన తెలుగు వాళ్ళందరితోనూ అంది.

క్లైవ్ మాత్రం మనుషుల్లో మహా మంచివాడు. "ఇప్పుడందరం సమానమే, నన్ను క్లైవ్ అనే పిలవండి," అని ఎన్నికలైన మర్నాడే ప్రకటించాడట. డాఫ్నీకి మాత్రం నోరు తిరక్క ఇంకా ప్రాఫ్ అనే అంటుంది. టీ గది అలమరలో ఆమె కప్పు ఇంకా కింది అరలో, మిగతా వాటికి తగలకుండానే ఉంటుంది. అక్కడ పెట్టమని ఎవరూ చెప్పలేదు, పైకి తియ్యమనీ ఎవరూ అనలేదు.

ఆ ఏడాది క్లైవ్ చేతికి ఒక పెద్ద విషయం దొరికింది. ధ్రువాల చుట్టూ ఆకాశంలో వెలిగే కాంతి వలయాన్ని అమెరికా వాళ్ళ ఉపగ్రహం ఒకటి పైనుంచి పన్నెండు నిమిషాలకొక ఫొటో చొప్పున తీసింది. అవి 1990లో అక్కడి చలికాలం, అంటే జూన్ జూలైల నాటివి. టేపులు చేతులు మారి మారి డర్బన్ చేరేసరికి ఆరేళ్ళు పట్టింది. ఆ వలయం ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు అక్కడ ఆకాశంలో లక్షల ఆంపియర్ల కరెంటు పారుతుంది, దాని దెబ్బకి కింద నేల మీద అయస్కాంత క్షేత్రం అదురుతుంది. అంటార్కిటికాలో దక్షిణాఫ్రికా వాళ్ళ స్థావరం ఒకటి ఉంది. ఏడాదికి పది మంది మంచులో మకాం పెట్టి ఆ అదురుని కాగితం చుట్టల మీద సిరాగీతలుగా పట్టి తెచ్చేవాళ్ళు. పైనుంచి చూసిన వెలుగునీ కింద పట్టిన అదురునీ పక్కపక్కన పెడితే రెండూ ఇంచుమించు ఒకే సమయానికి ఉండాలి. క్లైవ్ లెక్కలో ముందు వెలుగు వచ్చింది. రెండు గంటలాగి నేల అదిరింది.

ఇంకేముంది, పండగే. అలాంటి అదురు వల్ల కరెంటు తీగల్లోకి లేనిపోని కరెంటు దూరి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. ఉపగ్రహం చూసి చెబితే కాపాడుకోవడానికి రెండు గంటల వ్యవధి దొరికినట్టే. ఊరూరికీ కొత్తగా కరెంటు ఇస్తున్న దేశంలో ఇంతకంటే ఏం కావాలి. అక్టోబరు మొదటి శుక్రవారం కరెంటు సంస్థ వాళ్ళనీ మంత్రిత్వ శాఖ వాళ్ళనీ పిలిచి చెప్పాలని క్లైవ్ ముహూర్తం పెట్టేశాడు.

వలయం ఏ నిమిషాన భగ్గుమందో ఫొటోల్లో గుర్తించే పని కమలాదేవిది. మొత్తం పదకొండు సందర్భాలు. తన నిమిషాల పక్కన క్లైవ్ రాసిన నేల అదురు నిమిషాలు సెప్టెంబరులో మొదటిసారి చూసింది. పదకొండింటికి పదకొండూ రెండు గంటల తేడాయే. అయిదారు నిమిషాలు అటూ ఇటూ ఉంటే అవి ఫొటోకీ ఫొటోకీ మధ్య పోయిన నిమిషాలు. ఆమెకి ఒళ్ళు మండింది. ప్రకృతిలో ఏదైనా ఒకసారి గంటన్నర, ఒకసారి మూడు గంటలు పడుతుంది గానీ ప్రతిసారీ సరిగ్గా రెండు గంటలు ఎందుకు పడుతుంది? దక్షిణాఫ్రికా గడియారం గ్రీనిచ్ గడియారం కంటే సరిగ్గా రెండు గంటలు ముందు. ఉపగ్రహం నడిచేది గ్రీనిచ్ టైము మీద. స్థావరం చుట్టలు ఏ టైము మీద నడిచాయో చూడాలన్న ఇంగితం, ఇంటర్ చదివే పిల్లలకుండే ఇంగితం, ఈ పెద్దమనిషికి లేకపోయింది.

డాఫ్నీ దగ్గరికి వెళ్ళి అడిగింది. డాఫ్నీ గాజు స్కేలు మీంచి తల ఎత్తలేదు.

"ప్రాఫ్‌ని అడగండి డాక్టర్," అంది. ఇంకో గీత కొలిచి, "ఆదివారం చర్చి తర్వాత మా ఇంటికి భోజనానికి రండి," అంది.

టోంగాట్‌లో ఆ ఆదివారం దగ్గర్లోనే చెరకు తోట తగలబెడుతున్నట్టున్నారు, డాఫ్నీ ఇంటి తీగ మీద ఆరేసిన దుప్పట్ల మీద నల్లటి నుసి పడుతోంది. "కూకో చెల్లె, తిను," అని చేపల పులుసు వడ్డించింది. తెలుగు ఆమెకి వంటింట్లోనూ ప్రార్థనలోనూ తిట్లలోనూ మిగిలింది. మిగతాదంతా ఇంగ్లీషే. కమలాదేవి అక్కా అని పిలిస్తే డాఫ్నీ ఒక క్షణం చెయ్యి ఆపి, మరో ముక్క వేసింది.

తిన్నాక చెప్పింది. "ఆ ఏడాది చుట్టలు ఇంటి టైమువి. స్థావరంలో లెస్లీ అని టెక్నీషియన్ ఉండేవాడు, రేడియోలో నాకు చెప్పాడు, గడియారం మార్చేశాం అని. ప్రతి చుట్ట వెనకా నేను రాశాను. పెన్సిల్‌తో. ప్రాఫ్‌కి చెప్పాను. నేను కంప్యూటర్లో సరిచేస్తాలే, నువ్వు కాగితం మీద ఎలా ఉంటే అలా కొట్టు అన్నాడు. అలాగే కొట్టాను."

"మరిచిపోయి ఉంటాడు."

"అయితే నేను మరిచిపోనిచ్చానా? మొన్న మార్చిలో ఆ రెండు గంటల సంగతి టైపుకి వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాను. నా భుజం తట్టి, డాఫ్నీ డియర్, నువ్వు టైపు చెయ్యి, ఆలోచించే పని మాకొదిలెయ్ అన్నాడు." ఇక్కడ డాఫ్నీ ఇంగ్లీషు వదిలేసింది. "ముదనష్టపోడు. వాడు మంచి మనిషి లేదు చెల్లె."

కమలాదేవి కంచం ముందునుంచి లేచింది. మరిచిపోవడం వేరు. తెలిసీ, తెలియనట్టు మంత్రుల మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టడం వేరు. చేతులు కడుక్కున్నా ఆ మనిషి భుజం తట్టడమే కళ్ళకి కడుతోంది, లావుపాటి తెల్ల వేళ్ళు, గోళ్ళలో రస్కు పొడి.

"నేను రాసి పైకి పెడతానక్కా," అంది.

డాఫ్నీ వద్దనలేదు, సరేననీ అనలేదు. పదేళ్ళు దాటిన క్యాజువల్ వాళ్ళని పర్మనెంటు చేస్తున్నారని, తన ఫైలు అక్టోబరులో కమిటీ ముందుకి వస్తుందని చెప్పింది. ఆస్పత్రి కార్డు, పెన్షను, నెలాఖరు చీటీ కోసం ఎదురుచూడక్కర్లేని బతుకు. "ఈ ఒక్క నెల నా పేరు మీద మచ్చ పడకూడదు. తర్వాత ఏమైనా అవనీ."

"నీ పేరుకి ఏమీ కాదు. నేను చూసుకుంటాను," అని కమలాదేవి మాటిచ్చింది.

సోమవారం ఇద్దరూ కింది స్టోరు గదిలో పదకొండు చుట్టలూ తీశారు. గీతల వైపు ఎర్ర సిరా మాసిపోయి ఉంది. వెనక్కి తిప్పితే గుండ్రటి చేతిరాత, ప్రతి దాని మీదా ఒకటే వాక్యం: ఇది ఇంటి టైము, రెండు గంటలు తీసెయ్యాలి, ప్రాఫ్‌కి చెప్పాను. కింద తేదీ, పొడి అక్షరాల్లో సంతకం. చుట్టలు కమలాదేవి సంచీలో పెట్టుకుంది.

మంగళవారం ఊరి చివర ఫ్యాక్టరీల పేట మొబేని వెళ్ళింది. లెస్లీ ఇప్పుడు అక్కడ ఒక షెడ్డులో ఐస్‌క్రీము కంపెనీల ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. నలభై ఏళ్ళ తెల్లాయన, మంచివాడిలాగే కనిపించాడు. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, సిగ్గేమీ లేకుండా చెప్పాడు.

"ఆ ఏడాది ఫిబ్రవరిలో నల్లవాళ్ళ నాయకుల్ని జైళ్ళ నుంచి వదిలారు, వాళ్ళ పార్టీల మీద నిషేధాలు ఎత్తేశారు. దేశం ఏమైపోతుందో, మా వాళ్ళు ఎలా ఉన్నారో అని మేము మంచులో కూర్చుని పిచ్చెక్కిపోయేవాళ్ళం. రేడియోలో ఇంటి వార్తలు ఏడింటికి. మా గడియారమేమో గ్రీనిచ్‌ది. ఎవడో ఒకడు లెక్క తప్పేవాడు, వార్తలు పోయేవి, కొట్టుకునేదాకా వచ్చింది. అందుకని అన్ని గడియారాలూ ఇంటి టైముకి తిప్పేశాం. యంత్రం గడియారం కూడా. ఒక గదిలో రెండు టైములు పెట్టుకుని ఎవరు బతుకుతారు?"

"ఆఫీసుకి చెప్పారా?"

"అక్కడుండే ఆవిడకి రేడియోలో చెప్పాను. రాసుకుంటానంది." అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం కమలాదేవి నోటు రాయడానికి కూర్చుంది. పద్దెనిమిదేళ్ళ సర్కారీ కొలువు ఒంటికి పట్టిన మనిషి. ఆఫీసులో ఏ ఫిర్యాదైనా పై వాళ్ళకి వెళ్ళాలంటే మధ్యనున్న అధికారి చేతి మీదుగానే వెళ్ళాలి, త్రూ ప్రాపర్ చానెల్. దాటి వెళ్తే విషయం ఎంత నిజమైనా రాసినవాడిదే తప్పు. కాబట్టి నోటు డీన్ గారికి, హెడ్డు ద్వారా. ఇక్కడ హెడ్డు క్లైవే.

"దొంగ చేతికే తాళాలిస్తావా?" అన్నాడు గిరిధరరావు.

"హెడ్డుని దాటి వెళ్తే రేపు నన్నే తప్పు పడతారు. ఆయన సంతకం పెట్టి పైకి పంపక తప్పదు."

"చుట్టలు కూడా ఇచ్చేస్తావా? పోనీ జిరాక్సు తీసి పెట్టుకో."

"మూడేసి మీటర్ల చుట్టలు ఏ జిరాక్సులో పడతాయండీ. అసలు కాగితాలు జతచెయ్యకుండా నోటు ఎవరు చదువుతారు?"

అలవాటైన భాషలో రెండు పేజీలు గడగడా వచ్చేశాయి. క్రింద సంతకము చేసిన వారు పరిశీలించగా తెలిసినదేమనగా, అన్న ధోరణిలో. హైదరాబాదులో ఆమె నోటు చూసి డైరెక్టర్లు కామా మార్చేవాళ్ళు కాదు. అనుబంధం ఒకటి, అసలు చుట్టలు పదకొండు. అనుబంధం రెండు, లెస్లీ వాంగ్మూలం. రాసి చదువుకుంటే తృప్తిగా ఉంది. ఆ రెండు గంటల మోసం మొదట పసిగట్టింది తనే కదా అన్న చిన్న గర్వం కూడా లేకపోలేదు.

బుధవారం క్లైవ్ నోటు చదువుతూ రస్కు టీలో ముంచాడు. నానిన ముక్క విరిగి కప్పులో పడితే వేలు పెట్టి తీసి నోట్లో వేసుకున్నాడు. అదే తడి వేలితో పేజీ తిప్పాడు. కోప్పడతాడని, బుకాయిస్తాడని ఆమె సిద్ధపడి వచ్చింది. అతను నవ్వాడు.

"అద్భుతం కమలా. సైన్సంటే ఇదే. ఎంత పరువు దక్కించారు మాకు. చుట్టలు నా దగ్గర వదిలెయ్యండి, డీన్‌కి నేనే తీసుకెళ్తాను."

ఆమెకి ఊరట కలిగింది. గదిలోంచి బయటికి వచ్చాక, ఆ మనిషి మెచ్చుకుంటే తనకెందుకు సంతోషమేసిందా అని ఒళ్ళు కంపరమెత్తింది. అయినా సంతోషం సంతోషమే, వెంటనే పోలేదు.

శుక్రవారం హాలు నిండింది. బల్లల మీద కొత్త రంగుల పుస్తకాలు, అట్ట మీద అరువు కోటులో డాఫ్నీ. అట్ట మీది మనిషి హాల్లో కనపడకపోతే బాగుండదని ఆమెని మొదటి వరసలో కూర్చోబెట్టారు. కమలాదేవి రెండో వరస.

క్లైవ్ లేచి, గొంతు సవరించుకుని, ఎంతో హుందాగా చెప్పాడు. రెండు గంటల హెచ్చరిక అనుకున్నది నిజం కాదని. రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు గుమాస్తా స్థాయిలో ఒక పొరపాటు జరిగిందని. స్థావరం నుంచి గడియారం మార్చిన కబురు ఆఫీసుకి వచ్చినా శాస్త్రవేత్తల దాకా చేరలేదని. "దాన్ని పట్టుకున్నది మా కొత్త సహోద్యోగి, ఇండియా నుంచి వచ్చిన డాక్టర్ కమలాదేవి. తన తప్పుని తనే బయటపెట్టుకోగల సంస్థనే మీరు నమ్మాలి."

చప్పట్లు మోగాయి. అందరూ ఆమె వైపు తిరిగారు. కమలాదేవి లేచి, ఏం చేస్తోందో తెలిసేలోపే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. మొదటి వరసలో ఒక్క మనిషే వెనక్కి తిరగలేదు. ఆ నెరిసిన జడముడి చూశాక గానీ కమలాదేవికి తను ఎందుకు నిలబడి ఉందో అర్థం కాలేదు.

జనం టీలకి లేవగానే వెళ్ళి క్లైవ్‌ని పట్టుకుంది.

"గుమాస్తా పొరపాటేమిటి? డాఫ్నీ ప్రతి చుట్ట వెనకా రాసింది. మీకు రెండుసార్లు చెప్పింది."

"అలాగా? విచారణ ఎలాగూ ఉంటుంది కమలా, అక్కడ చెప్పండి. చుట్టలు వాళ్ళే చూస్తారు," అన్నాడు క్లైవ్. అంటూనే ఎవరికో చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత విచారణ. సిబ్బంది వ్యవహారాల అధికారి షర్లీ బల్లకి అటువైపు, క్లైవ్ ఒక పక్క, డాఫ్నీ ఒక పక్క. డాఫ్నీ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకొచ్చింది. బల్ల మీద పదకొండు చుట్టలు. కమలాదేవి గట్టి ధైర్యంతోనే వచ్చింది. కూర్చోకుండానే, "వెనక్కి తిప్పండి," అంది.

షర్లీ మొదటి చుట్ట తిప్పింది. ఏమీ లేదు. రెండోది తిప్పింది. కమలాదేవి తనే అన్నీ లాక్కుని తిప్పింది. పెన్సిల్ రాత ఉన్నచోటల్లా కాగితం నూగు లేచి ఉంది. ఒకచోట గులాబీ రంగు రబ్బరు తునక ఇంకా అంటుకునే ఉంది. రస్కు తిన్న ఆ వేళ్ళతో, తలుపు మూసుకుని, పదకొండు చుట్టలూ ఒక్కొక్కటే పరిచి, డాఫ్నీ చేతిరాత మీద రుద్ది రుద్ది ఊది ఉంటాడు. కమలాదేవి ఆ తునకున్న చుట్టని షర్లీ ముందుకి తోసింది.

"చెరిపేశారు," అంది. "ఇక్కడ రాసి ఉండేది. నా కళ్ళతో చూశాను. ప్రాఫ్‌కి చెప్పాను అని కూడా రాసి ఉంది."

షర్లీ ఒక చుట్ట ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూసింది. "ఇక్కడ ఏదో ఉండి పోయినట్టే ఉంది. ఏముందో మాత్రం చదవడానికి రావడం లేదు."

"ఏడాదికోసారి పాత చుట్టలు దులిపించి, పిచ్చి గీతలు చెరిపిస్తాం," అన్నాడు క్లైవ్. "డాక్టర్‌గారు స్నేహం కొద్దీ మాట్లాడుతున్నారు. నేను తప్పు పట్టను. ఆవిడ నోటు ఆవిడే రాశారు, అది చూస్తే చాలు."

షర్లీకి క్లైవ్ మీద పెద్ద ప్రేమేమీ లేదు, మొహంలోనే తెలుస్తోంది. నిజం దొరికితే రాసుకుందామనే కలం పట్టుకుంది. నోటు ముందుకి జరుపుకుని చదివింది.

"డాక్టర్, మీ నోటులో ఇలా ఉంది. అసలు చుట్టలను పరిశీలించగా రెండు గంటల తేడా తానే కనుగొన్నట్టు క్రింద సంతకం చేసిన వారు తెలియజేస్తున్నారు. గడియారం మార్చిన సంగతి స్థావరం నుంచి ఆఫీసుకి సకాలంలో తెలియజేయబడింది, లెస్లీ వాంగ్మూలం జతచేయడమైనది." తల ఎత్తింది. "ఆఫీసులో ఆ కబురు అందుకున్నది డాఫ్నీయే కదా?"

"అవును. కానీ ఆమె రాసింది, చెప్పింది."

"ఆ మాట నోటులో ఎక్కడుంది?"

కమలాదేవి తను రాసిన రెండు పేజీలూ మనసులోనే తిరగేసింది. ఎక్కడా లేదు. చుట్ట వెనక పెన్సిల్ రాత గురించి లేదు. మార్చిలో భుజం తట్టిన సంగతి లేదు. టోంగాట్ లేదు. రాసేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆమె డైరెక్టరుకి పెట్టిన ఏ నోటులోనూ కొలతలు తీసిన మనిషి పేరు రాయలేదు. అలా రాయరు. అంతే. అక్కడా ఎవరో తలలు వంచుకుని గీతలు కొలిచేవాళ్ళు, ఆమె సంతకం పెట్టేది. వాళ్ళలో ఇద్దరి పేర్లు గుర్తు చేసుకోబోయింది, ఒక్కటీ రాలేదు.

"రాయడం మరిచిపోయాను," అంది. ఆ ముక్క తన చెవికే దొంగ మాటలా వినిపించింది.

"అప్పుడు మరిచిపోయి, ఆమె ఫైలు కమిటీకి వచ్చే ముందు గుర్తొచ్చిందని నేను రాసుకోవాలి," అంది షర్లీ, కటువుగా కాదు, కొంచెం జాలిగానే. "నా ముందున్న కాగితాల్లో డాఫ్నీకి కబురు తెలిసినట్టు రుజువుంది. పైకి చెప్పినట్టు లేదు. ఆ రుజువు కూడా మీరే తెచ్చారు."

"నేనొకసారి చూడొచ్చా?" అంది డాఫ్నీ.

షర్లీ నోటు ఇచ్చింది. డాఫ్నీ కళ్ళజోడు పెట్టుకుని, చుట్టలు కొలిచేటప్పటిలాగే వేలు పెట్టి వరస వరసా చదివింది. మొదటి పేజీ అయ్యాక రెండో పేజీ. అనుబంధాల పట్టిక కూడా చదివింది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చి ఇంకోసారి చూసింది. ఏం వెతుకుతోందో ఆ గదిలో అందరికీ తెలుసు. క్లైవ్ కూడా కిటికీలోంచి బయటికి చూశాడు. చదవడం అయ్యాక అంచులు సమంగా చేసి బల్ల మీద పెట్టింది. ఏమైనా చెప్పుకుంటావా అని షర్లీ అడిగితే ఏమీ లేదంది. పర్మనెంటు ఫైలు మూసేశారు. వచ్చే నెల నుంచి చీటీ రాదని కూడా ఆ పూటే చెప్పారు.

కమలాదేవి వరండాలో పరుగులాంటి నడకతో వెళ్ళి డాఫ్నీని అందుకుంది. క్లైవ్‌ని తిట్టడానికి నాలుక చివర బోలెడు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ బయటికి రాలేదు.

"అక్కా, నీ పేరు నేను కావాలని వదల్లేదు," అంది.

డాఫ్నీ ఆగింది. ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే కమలాదేవి కాళ్ళైనా పట్టుకునేది.

"తెలుసు డాక్టర్," అంది ఇంగ్లీషులో. "ప్రాఫ్ కూడా కావాలని వదల్లేదు, పంతొమ్మిదేళ్ళు."

ఆ తర్వాత, టాక్సీ నిండిపోతే మళ్ళీ గంట ఆగాలని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.